పదిమందికి డేరా కొనేముందు ఆరబెట్టే చోటు చూసుకోండి

కార్తీకమాసంలో జీడితోటకో ఏటి ఒడ్డుకో వనభోజనాలకి వెళ్లి, చీకటి పడేలోగా ఇల్లు చేరుకోవడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత అలవాటే. ఈమధ్య కొందరు రాత్రి కూడా అక్కడే ఉండిపోదామంటున్నారు. తాటిపూడి జలాశయం పక్కన, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గర, చంపావతి కలిసే కోనాడ వైపు నాలుగు కుటుంబాలు కలిసి రెండు రాత్రులు గడపాలని ముచ్చట పడతారు. అక్కడి నుంచి టెన్షన్ మొదలవుతుంది. చిన్న నైలాన్ టెంట్లు అయిదారు కొనాలా, అందరూ పట్టే పెద్ద కాన్వాస్ డేరా ఒక్కటి కొనాలా?

ఆన్‌లైన్‌లో వెతికితే అంకెలు వరస కడతాయి. ఎనిమిదిమందికి, పన్నెండుమందికి, 285 జీఎస్ఎం, 360 జీఎస్ఎం, 3000 ఎంఎం. అంకెలు అబద్ధాలని అనను. కానీ వాటిని చూసి కొన్న డేరా మన తీరంలో ఎలా ఉంటుందో ఆ అంకెలు చెప్పవు. ఇక్కడ కాన్వాస్‌ను ఎక్కువగా పాడుచేసేది వానకంటే ఆ తర్వాత తడిగా మడిచి అటక మీద పెట్టడం. డేరా కూలిపోవడానికి కూడా చాలాసార్లు గుడ్డ తప్పు ఉండదు, ఇసుకలో మేకు నిలవకపోవడమే కారణమవుతుంది. ఈ రెండూ గుర్తుంచుకుని చూస్తే ఏది కొనాలన్నది సగం తేలిపోతుంది.

ముందు గుడ్డ సంగతి. పొందూరు ఖద్దరు పంచె ఉక్కపోతలో ఎందుకు హాయిగా ఉంటుందో, కాన్వాస్ డేరా లోపల నిద్ర కూడా అందుకే హాయిగా ఉంటుంది. పత్తి తేమను తనలోకి తీసుకుంటుంది. మామూలు గాలిలో నూలు తన బరువులో 7, 8 శాతం దాకా తేమను పట్టి ఉంచుతుంది. పాలిస్టర్‌లో ఇది అర శాతం కూడా ఉండదు. డేరాలో దీని ప్రభావం పెద్దదే. నిద్రపోయే మనిషి ఊపిరి నుంచీ చర్మం నుంచీ ఒక రాత్రికి సుమారు పావు లీటరు నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. ఎనిమిదిమంది పడుకుంటే రెండు లీటర్లు. నైలాన్ టెంటులో ఆ ఆవిరి చల్లని గోడకి తగిలి నీటిబొట్లుగా మారి తెల్లవారుజామున ముఖం మీద పడుతుంది. వాన కురవకపోయినా దుప్పట్లు తడుస్తాయి. కాన్వాస్ అయితే కొంత ఆవిరిని బయటికి పోనిస్తుంది, కొంత తానే పీల్చుకుంటుంది.

అమ్మేవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు కానీ ఇందులో ఒక మెలిక ఉంది. డిసెంబరు తెల్లవారుజామున మన సముద్రపు ఒడ్డున, ఏటి గట్టున గాలిలో తేమ దాదాపు నిండుగా ఉంటుంది. బయటి గాలే అంత తడిగా ఉన్నప్పుడు లోపలి ఆవిరి ఎక్కడికి పోతుంది? ఎంత మంచి కాన్వాస్ అయినా అప్పుడు చెమ్మగిల్లుతుంది. అందుకే గుడ్డకి గాలాడే గుణం ఉందన్న మాట విని కిటికీలు తక్కువున్న డేరా కొనకూడదు. కింద కనీసం రెండు వైపులా, పైన శిఖరం దగ్గర గాలి పోయే సందులు ఉండాలి. చలికి భయపడి రాత్రి అన్నీ మూసేసేవాళ్లే మర్నాడు డేరా బాగోలేదంటారు.

వానకి కాన్వాస్ ఆగే తీరు కూడా నైలాన్‌లా ఉండదు. నైలాన్ మీద ప్లాస్టిక్ పూత నీటిని ఆపుతుంది. నూలుపోగులు మాత్రం తడిసినప్పుడు ఉబ్బి, నేతలోని సందుల్ని, సూది కుట్టిన రంధ్రాల్ని మూసేస్తాయి. కాబట్టి కొత్త డేరాని నేరుగా వానలోకి తీసుకెళ్తే కుట్ల దగ్గర కారుతుంది. ముందుగా పెరట్లోనో ఖాళీ స్థలంలోనో నిలబెట్టి, గొట్టంతో నిండా తడిపి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ తడపాలి. రెండు మూడు సార్లు ఇలా చేస్తే కుట్లు బిగుసుకుంటాయి. అప్పటికీ ఒకచోట చెమ్మ వస్తుంటే ఆ కుట్టు మీద మైనం రుద్దితే సరిపోతుంది. వాన పడుతున్నప్పుడు గోడకి వీపు ఆనించకూడదు, పెట్టెలు తగలకూడదు. తగిలిన చోట నీరు లోపలికి దారి చేసుకుంటుంది. పిల్లలకి ఇది చెప్పి ఊరుకుంటే సరిపోదు, గోడకీ పడకకీ మధ్య జానెడు చోటు వదిలి పక్కలు వేయడమే మార్గం.

జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. ఎక్కువ ఉంటే మంచిదని అందరూ అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. అడ్డంగా 5 మీటర్లుండే గుండ్రటి డేరాకి పైకప్పు, గోడలు కలిపి సుమారు 39 చదరపు మీటర్ల గుడ్డ పడుతుంది. 285 జీఎస్ఎం అయితే 11 కిలోలు, 360 అయితే 14 కిలోలు. తేడా మూడు కిలోలే. దళసరి గుడ్డ ఎండకీ గాలికీ ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ తడిస్తే ఆరడానికి ఎక్కువ సేపు పడుతుంది. అడుగున వేసే దళసరి పీవీసీ షీటు మరో పది కిలోలు, ఆపైన రాటలు, మేకులు, తాళ్లు. అన్నీ కలిపి 30 నుంచి 40 కిలోల మూట. కారు దగ్గరే డేరా వేసేవాళ్లకి ఇదేమీ ఇబ్బంది కాదు. గెడ్డ దాటి, గట్టెక్కి అరకిలోమీటరు నడవాలంటే మాత్రం ఇద్దరు మోయాలి. ఏడాదికి రెండు మూడు సార్లు వెళ్లే బృందానికి 285 చాలని నా అభిప్రాయం. వారాల తరబడి ఎండలో నిలబెట్టి ఉంచేవాళ్లకే 360 కావాలి.

3000 ఎంఎం వంటి అంకె నీటి ఒత్తిడి లెక్క. ఎంత ఎత్తు నీటిస్తంభం నిలబెడితే గుడ్డలోంచి నీరు ఊరడం మొదలవుతుందో అది చెబుతుంది. అడుగు షీటుకీ, పూత పూసిన గుడ్డలకీ ఇది చూడాలి. కాన్వాస్ పైకప్పు విషయంలో దీనికోసం తల బద్దలు కొట్టుకోనక్కరలేదు.

అసలు నూలా, పాలిస్టర్ కలిసిన నూలా? పూర్తి నూలు చేతికి మెత్తగా ఉంటుంది, మరమ్మతుకి లొంగుతుంది. కానీ తడిసినప్పుడు బాగా ముడుచుకుంటుంది, బూజుకి త్వరగా చిక్కుతుంది. మిశ్రమం కాస్త తేలిక, తక్కువ ముడుచుకుంటుంది, త్వరగా ఆరుతుంది. బూజు అందులోని నూలుకి పడుతుంది, పాలిస్టర్‌ని తినలేదు. మన తీరప్రాంతానికి నేను మిశ్రమమే చెబుతాను, బూజు పట్టకుండా మందు పట్టించినదై ఉండాలి. గుడ్డ లోపలివైపు మెరిసే పూత కనిపిస్తే మాత్రం వద్దు. ఆ పూత గాలాడనివ్వదు, కాన్వాస్ బరువంతా మోసి నైలాన్ ఉక్క అనుభవించాల్సి వస్తుంది.

కాన్వాస్ పేరుతో పీవీసీ బరకం గుడ్డ అంటగట్టేవాళ్లూ ఉన్నారు. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపిస్తే తెలిసిపోతుంది. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి నల్లపూసలా ముడుచుకుంటుంది. మిశ్రమంలో రెండూ కనిపిస్తాయి. దుకాణంవాడు పోగు లాగనివ్వకపోతే గుడ్డ ముక్క ఒకటి అడగండి. అదీ ఇవ్వకపోతే సంగతి అర్థమైనట్టే.

ఎనిమిదిమందికి అంటే ఎంతమందికి?

పెట్టె మీద రాసిన సంఖ్య మనుషుల్ని పక్కపక్కన పడుకోబెట్టి, సామాను బయట వదిలేసి వేసిన లెక్క. 5 మీటర్ల గుండ్రటి డేరా నేల సుమారు 20 చదరపు మీటర్లు, అంటే 210 చదరపు అడుగులు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చాప 18 చదరపు అడుగులు. కాగితం మీద పదకొండు చాపలు పట్టాలి. కానీ చాప దీర్ఘచతురస్రం, నేల వృత్తం. నడుమ రాట ఉంటుంది. గోడ ఎత్తు మోకాలికి కాస్త పైదాకానే ఉంటే అంచుల దగ్గర నిలబడలేరు, అక్కడ సంచులే పెట్టుకోవాలి. రాత్రి లేచి బయటికి వెళ్లేవాళ్లకి దారి ఉండాలి. ఇవన్నీ తీసేస్తే ఆరుగురు సుఖంగా, ఎనిమిదిమంది సర్దుకుని పడుకోవచ్చు. పెద్దవాళ్లకి మడత మంచాలు వేస్తే నలుగురే. 4 మీటర్ల డేరా 135 చదరపు అడుగులు, ముగ్గురికి హాయి, సర్దుకుంటే అయిదుగురు. 6 మీటర్లది 300 అడుగులు దాటుతుంది. అందుకే రాసిన సంఖ్యని సగం చేసుకుని, పిల్లలుంటే ఒకటో రెండో కలుపుకోండి.

లోపలి కొలతతో పాటు బయటి కొలత కూడా చూడాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. డేరాని నిలబెట్టే తాళ్లు గోడకి మీటరున్నర, రెండు మీటర్ల దూరంలో నేలలోకి దిగుతాయి. 5 మీటర్ల డేరా పాతాలంటే ఎనిమిది తొమ్మిది మీటర్ల ఖాళీ కావాలి. పలాస వైపు జీడితోటల్లో, ఉద్దానం కొబ్బరితోటల్లో చెట్టుకీ చెట్టుకీ మధ్య దూరం మామూలుగా ఏడెనిమిది మీటర్లే. కొమ్మల విస్తీర్ణం తీసేస్తే ఇంకా తక్కువ. తోటలో వేద్దామని కొన్న పెద్ద డేరా తోటలో పట్టదు! తాళ్లు చెట్ల మొదళ్లకి కట్టి ఎలాగో నిలబెట్టినా ఆకారం వంకరపోయి, వాననీరు ఒకచోట గుంటకడుతుంది. కొబ్బరిచెట్టు కింద అయితే నీడ ఎంత బాగున్నా వద్దు. కాయ పడితే గుడ్డ ఆపలేదు.

ఈ రెండు లెక్కలూ కలిపి చూస్తే పదిమంది బృందానికి 6 మీటర్ల డేరా ఒకటి కంటే 4 మీటర్లవి రెండు, మధ్యలో కూర్చుని భోంచేయడానికి ఒక బరకం పందిరి నయమనిపిస్తుంది. గురకపెట్టే మామయ్యలు ఒక డేరాలో, పసిపిల్లలున్నవాళ్లు ఇంకో డేరాలో సర్దుకుంటారు. ఒకటి తడిసినా రెండోది మిగులుతుంది. ఆరబెట్టడం కూడా సులువు. అందరూ ఒకే కప్పు కింద ఉండాలన్న సరదా ఉన్నవాళ్లకి ఇది రుచించదు, నాకు తెలుసు.

ఆకారాల గురించి పెద్దగా తర్కం అక్కర్లేదు. గుండ్రటి గంట ఆకారం డేరాకి రాట ఒక్కటే, ఇద్దరు అరగంటలో నిలబెట్టగలరు, గాలి ఏ వైపు నుంచి వచ్చినా జారిపోతుంది. ఈ తరహాలో ఒకదానికి అమెరికా సైన్యాధికారి హెన్రీ హాప్కిన్స్ సిబ్లీ 1856లో పేటెంట్ పొందాడు, అప్పటి నుంచి మూలసూత్రం పెద్దగా మారలేదు. ఇంటిలా నిటారు గోడలుండేవి లోపల ఎక్కువ చోటిస్తాయి, కానీ గాలికి ఎదురు నిలుస్తాయి, రాటలు ఎక్కువ. మన దేశంలో యాత్రాస్థలాల్లో, రిసార్టుల్లో కనిపించే స్విస్ కాటేజ్ డేరాలకి రెండు కప్పులుంటాయి. మధ్య ఖాళీలో గాలి ఆడటం వల్ల ఎండ వేడి నేరుగా లోపలికి దిగదు. అవి ఒకచోట నెలల తరబడి ఉంచేందుకు బాగుంటాయి, మోసుకు తిరగడానికి కాదు. ఏ ఆకారమైనా లేత రంగే తీసుకోండి. ముదురాకుపచ్చ అడవిలో అందంగా కనిపిస్తుంది, పదిగంటల ఎండకి లోపల పొయ్యి రాజేసినట్టుంటుంది.

గాలి, ఇసుక, పాములు

గాలి వేగం రెండింతలయితే అది తోసే బలం నాలుగింతలవుతుంది. 5 మీటర్ల డేరా గాలికి సుమారు ఏడు చదరపు మీటర్ల మేర ఎదురు నిలుస్తుందనుకుందాం. గంటకి 20 కిలోమీటర్ల గాలి దాన్ని 13, 14 కిలోల బలంతో తోస్తుంది. 40 అయితే 54 కిలోలు, 60 అయితే 120 కిలోలు. ఇది కాస్త స్థూలమైన లెక్కే. సముద్రపు ఒడ్డున మధ్యాహ్నం బాగానే ఉన్న డేరా సాయంత్రానికి ఎందుకు ఊగుతుందో అర్థం కావడానికి చాలు.

గట్టి మెట్టనేలలో అడుగు పొడవు ఇనుప మేకు వాలుగా దిగ్గొడితే ఈ బలం తట్టుకుంటుంది. పొడి ఇసుకలో అదే మేకు వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేస్తుంది. బారువ, కళింగపట్నం లాంటి చోట్ల మేకులు నమ్ముకోకుండా ఖాళీ యూరియా సంచుల్లో ఇసుక నింపి, మెడకి తాడు కట్టి, రెండడుగుల లోతున అడ్డంగా పూడ్చి పైన తొక్కాలి. డేరాతో పాటు వచ్చే సన్న తీగ మేకులు పచ్చిక మైదానాల కోసం చేసినవి, వాటిని పక్కన పెట్టి కమ్మరి దగ్గర పది ఇనుప మేకులు చేయించుకోవడం మేలు. నూలు తాళ్లు వానకి ముడుచుకుని మేకుల్ని పైకి లాగేస్తాయి, వాన మొదలవగానే కాస్త వదులు చేయాలి.

ఇసుకతిన్నెల మీద డేరా వేయడంలో ఇంకో సంగతి ఉంది. జనవరి నుంచి వేసవి మొదలు దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. దీపాల వెలుగుకి పిల్లలు సముద్రం వైపు వెళ్లాల్సింది పోయి ఊళ్ల వైపు పాకుతాయి. ఆ నెలల్లో ఒడ్డుకి దూరంగా, సరుగుడు తోట వెనక వేసుకుంటే తాబేళ్లకీ మంచిది, గాలి దెబ్బా తగ్గుతుంది.

అడుగు షీటు గోడకి కుట్టేసి ఉండాలా, జిప్‌తో విడదీసేలా ఉండాలా అన్నది అడగాల్సిన ప్రశ్నే. జిప్ ఉంటే పగలు గోడలు పైకి చుట్టి నాలుగు వైపులా గాలి రప్పించొచ్చు, షీటు విడిగా కడిగి ఆరేయొచ్చు. మన ఉక్కకి ఇదే సరైంది. అయితే రాత్రి జిప్ పూర్తిగా మూయాలి. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది, కాటు నొప్పి తెలియకపోవచ్చు కూడా. షీటు లేని డేరా ఎంత చవకైనా పొలాల పక్కన పడుకోవడానికి తీసుకోకూడదు. తలుపుకి, కిటికీలకి దోమతెర విడి జిప్‌తో ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు.

చలికని లోపల కుంపటి పెట్టడం ప్రాణాలమీదికి తెస్తుంది. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన, రంగు ఉండవు, తడిసిన కాన్వాస్ గాలాడనివ్వదు, పడుకున్నవాళ్లు లేవరు. నిప్పుకి ఆగేలా మందు పట్టించిన గుడ్డ అని రాసినా వంట బయటే.

ఎప్పుడు వెళ్తారు?

ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర, తిత్లీ పలాస దగ్గర. తేదీలు చూస్తే అక్టోబరులో సముద్రపు ఒడ్డున డేరా గురించి ఆలోచించడమే దండగని తెలుస్తుంది. కార్తీకంలో తొలి వారాలు కూడా వాతావరణ హెచ్చరికలు చూసుకునే వెళ్లాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ డేరాకి మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండతో పాటు సాయంత్రం ఈదురుగాలులు, పిడుగులు ఉంటాయి. పిడుగు నుంచి డేరా ఏమాత్రం కాపాడదు, నడిమి రాట ఇనుపది అయితే మరీ. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి ఫోన్‌కి పిడుగు హెచ్చరిక వస్తే డేరా వదిలేసి పక్కా ఇంట్లోకో తలుపులు మూసిన కారులోకో వెళ్లిపోవడమే. రిజర్వు అడవిలో అయితే అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి బస కుదరదు.

ఇక ఆరబెట్టే చోటు. వానే పడనక్కర్లేదు, జనవరి మంచుకి కూడా గుడ్డ తడుస్తుంది. తొందరలో ఉదయం ఏడింటికి మడిచి కారులో వేసుకుంటే, మన గాలిలో ఒకటి రెండు రోజుల్లోనే నల్లచుక్కలు మొదలవుతాయి. ఆ మచ్చలు ఉతికినా పోవు, పైగా సబ్బుపొడి వేసి ఉతికితే నీరు అంటకుండా పట్టించిన మందు కూడా పోతుంది. సముద్రం దగ్గర వాడితే ఇంకో చిక్కు. గుడ్డలో చేరిన ఉప్పు గాలిలోని తేమను లాగుతూనే ఉంటుంది, ఆరినట్టు కనిపించినా రాత్రికి మళ్లీ చెమ్మవుతుంది. జిప్పులు, రాటల కీళ్లు తుప్పు పడతాయి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, కుట్లు, అంచుల మడతలు కూడా పొడిబారేదాకా ఆరేయాలి. అన్నిటికంటే ఆలస్యంగా ఆరేవి అవే, చేత్తో నొక్కి చూస్తేగానీ తెలియదు.

పల్లెలో కల్లమో, సొంత డాబానో ఉన్నవాళ్లకి ఇది ఒక పూట పని. విజయనగరంలో అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లు ముప్పైతొమ్మిది చదరపు మీటర్ల గుడ్డని ఎక్కడ పరుస్తారు? అందరిదీ అయిన డాబా మీద ఒక రోజంతా వదిలేస్తారా? బృందంలో ఎవరింట్లో చోటుందో, ఎవరు బాధ్యత తీసుకుంటారో కొనేముందే తేల్చుకోవాలి. నాలుగు కుటుంబాలు డబ్బు వేసుకుని కొన్న వస్తువుని ఆరబెట్టడానికి నాలుగు కుటుంబాలూ రావు.

చోటు లేకపోతే అద్దె మంచిది. మన టెంట్ హౌస్‌లవాళ్ల దగ్గర దొరికేవి ఎక్కువగా షామియానాలు, అవి నీడకి సరే, రాత్రి పడుకోవడానికి కావు. పడుకునే డేరాలు అద్దెకిచ్చేవాళ్లు దొరికితే డబ్బు కట్టేముందు మడత విప్పించి వాసన చూడండి. ముక్కవాసన వస్తే తీసుకోవద్దు. అలాగే జిప్పు నాలుగుసార్లు లాగి చూసి, మేకులు లెక్కపెట్టుకుని, రాట కీళ్లు ఒకసారి అక్కడే బిగించి మరీ బండికెక్కించుకోండి.